గోడ బెంచీ పాఠం

మొన్న మా పిన్ని కొడుకును హాస్టల్లో దింపడానికి చిక్కడపల్లి వెళ్లాను. సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదువుతానని ఊరి నుంచి వచ్చాడు. లైబ్రరీకి నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలని వాడి షరతు, కిరాయి తక్కువుండాలని మా పిన్ని షరతు. రెండూ కుదిరిన గది ఒక సందు చివర రెండో అంతస్తులో దొరికింది. ఇనుప మంచాలు, వాటి కింద ట్రంకు పెట్టెలు, తీగ మీద తడి తువ్వాళ్లు, ఎవరో సంచిలో దాచుకున్న పచ్చడి వాసన. పరుపు దించి తలెత్తేసరికి ఎదురుగా గోడ. దానికి లేత ఆకుపచ్చ రంగు వేశారు. రంగు కింద, సిమెంటు అంచు కట్టిన పొడవాటి దీర్ఘచతురస్రం ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. దాని మీద ఎవరో దేశపటం అంటించుకున్నారు.

అంచు వెంట వేలు పోనిచ్చాను. కింద ఎడమ మూలన పెచ్చు ఊడిన చోటు తగిలింది. అది మా నల్లబల్ల. నేను నిలబడి ఉన్నది మా తొమ్మిదో తరగతి గదిలో.

"ఏమైందన్నా?" అన్నాడు తమ్ముడు.

"ఏం లేదు. మంచం ఈ గోడకు ఆనించకు, చెమ్మ ఎక్కుతది" అన్నాను.

నేనిప్పుడు పిల్లల పాఠాలను ఫోన్లలోకి ఎక్కించే కంపెనీలో పని చేస్తున్నాను. ప్రతి పాఠానికి ముందు మేమొక పట్టిక నింపుతాం: చూపు సరిగా లేని పిల్ల ఈ పాఠం ఎలా అందుకుంటుంది, వినపడనివాడు ఎలా, చదవడం రానివాడు ఎలా, మధ్యలో వారం రోజులు రాలేకపోయినవాడు మళ్లీ ఎక్కడి నుంచి మొదలుపెడతాడు. ఆ పట్టిక ఆఫీసులో నాకెవరూ నేర్పలేదు. ఈ గదిలో, చివరి బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నాను. అలాంటి పాఠం ఒకటి ఎవరి మెడకు చుట్టుకుందో కూడా ఇక్కడే చూశాను.

అప్పట్లో బడి కింద పిండిగిర్ని ఉండేది. గోధుమలు పట్టే రోజు వెచ్చటి వాసన మెట్ల మీదుగా పైకి వచ్చి పన్నెండు గంటలకే ఆకలి పుట్టించేది. మిరపకాయలు పట్టే రోజు తరగతి మొత్తం తుమ్మేది. లెక్కల సార్ పాఠం చెప్పే రోజు గిర్ని మూసి ఉన్నా తుమ్మేవాళ్లం. మంచినీళ్ల కుండల చుట్టూ చుట్టిన తడి గోనెపట్ట వాసన, గేటు బయట ఉప్పూకారం అద్దిన జామకాయల వాసన, వాన పడితే ఈ నల్లబల్ల నుంచి వచ్చే బొగ్గు వాసన. ఇవన్నీ బాగానే ఉండేవి. నాకు భయంగా ఉండేది ఒక్క జూన్ నెల.

ప్రతి జూన్‌లో మా బళ్లో కొందరు కనిపించేవాళ్లు కాదు. తొమ్మిది పూర్తి చేసి పదికి రావలసినవాళ్లు. హాజరు పిలిచేటప్పుడు నంబర్లు జరిగి ఉండేవి. నిన్నటిదాకా ఒక పేరు ఉన్న నంబరు ఇంకొకరికి అంటుకునేది, వాళ్లు "ప్రెజెంట్ సార్" అనేవాళ్లు, అంతే. ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. బడి యజమాని, హెడ్‌మాస్టరు ఒకరే. ఆయన్ని పెద్దసార్ అనేవాళ్లం. ఏప్రిల్‌లో ఆయన కొందరి తల్లిదండ్రులను ఒక్కొక్కరినే పిలిపించి, టీసీ చేతికిచ్చి, వేరే బడి చూసుకోమని మర్యాదగా చెప్పేవారు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో తప్పుతారని అనుమానం ఉన్నవాళ్లు పదో తరగతికే రాకూడదు. మా బడి 'నూటికి నూరు పాస్' వెనక ఉన్న పద్ధతి అది. ఆయన వస్తున్నారని ముందు తాళంచెవుల గుత్తి చప్పుడు చెప్పేది. ఆ చప్పుడుకు గిర్ని కూడా సన్నగిల్లినట్టు అనిపించేది నాకు.

ఆయన చెడ్డవాడని అప్పుడు అనుకునేవాణ్ని. నారాయణగూడలో రంగురంగుల బస్సులున్న పెద్ద బళ్లు ఒకటొకటిగా తెరుస్తుంటే, రెండంతస్తుల కిరాయి ఇంట్లో బడి నడిపేవాడికి రాత్రి నిద్ర ఎలా పడుతుందో ఆ వయసులో తెలియదు కదా.

తరగతిలో చివరి బెంచీని గోడ బెంచీ అనేవాళ్లు. దాని మీద నలుగురు. ఒక అమ్మాయికి సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకున్నా బల్ల మీది అక్షరం మసక. ఒకడికి నత్తి, పేరు చెప్పడానికే చెమటలు పట్టేవి. ఇంకొకడు పట్టుమని రెండు నిమిషాలు కూర్చోలేడు. నాలుగోవాడు నా స్నేహితుడు. వాళ్లు అల్లరి చేయకుండా కాపలాగా మార్కులు వచ్చేవాణ్ని ఒకణ్ని పక్కన కూర్చోబెట్టడం పెద్దసార్ ఏర్పాటు. ఆ ఏడు ఆ కాపలా నాది.

నా స్నేహితుడి అమ్మానాన్నలు పాలమూరు నుంచి వచ్చి కట్టడం పనులు చేసేవాళ్లు. కవాడిగూడ బస్తీలో ఉండేవాళ్లు. సైటు మారినప్పుడల్లా వాడికి బడి మారింది. విన్నది ఏదైనా వాడికి అలాగే గుర్తుండిపోయేది. ఆదివారం చూసిన సినిమా సోమవారం మాకు చెబితే, ఫైట్ల దగ్గర ఎవరు ఏ వైపు పడ్డారో కూడా చెప్పేవాడు. చదవడం మాత్రం వాడికి రాదు. తొమ్మిదో తరగతిలో ఉన్నవాడికి చదవడం రాదంటే నమ్మరు. కానీ వాడి నోటు పుస్తకాలు తరగతిలోకెల్లా అందంగా ఉండేవి. నా పుస్తకం చూసి ఒక్కొక్క అక్షరాన్ని బొమ్మలా గీసేవాడు. సార్లు 'వెరీ గుడ్' రాసేవాళ్లు. పరీక్షల్లో కూడా పక్కనే కాబట్టి నా పేపర్లో నుంచి పాసుకు సరిపడా గీసుకునేవాడు.

"అక్షరాలు నిలబడవు రా" అన్నాడు ఒకసారి జామకాయ కొరుకుతూ. "ఒకటి చూసి ఇంకోదానికి పోయేలోపట మొదటిది వేరేది అయితది. నీకు అట్ల కాదా?"

"కాదు."

"లక్కీ బే నువ్వు" అని నవ్వాడు.

ఆ ఏడు బందులతో బడి చాలా రోజులు మూతపడింది. తెరిచిన రోజుల్లో సార్లు పాఠాలను తరుముకుంటూ పోయారు. గోడ బెంచీ ఎక్కడో వెనక ఉండిపోయింది. చలి తగ్గుతున్న రోజుల్లో, మేము అక్క అని పిలిచిన ఆమె వచ్చింది.

బీఎడ్ చదివేవాళ్లు కొన్ని వారాలు బళ్లకు వచ్చి పాఠాలు చెప్పి, చివర్లో ఎగ్జామినర్ ముందు ఒక పాఠం చెప్పి మార్కులు తెచ్చుకోవాలి. ప్రతి ఏడాది వచ్చేవాళ్లు, మేము వాళ్లను ఏడిపించి పంపేవాళ్లం. సుద్దముక్కలు దాచేవాళ్లం. బల్లకు ఆముదం రాసిన ఘనత మా పై తరగతిది. ఈమె అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి, ఉదయం బీఎడ్, సాయంత్రం లైబ్రరీలో ఉద్యోగ పరీక్షల చదువు చూసుకునేది. పేపర్లో చుట్టిన చార్టులు ఒక చేత, ప్లాస్టిక్ బకెట్ ఒక చేత పట్టుకుని వచ్చింది. టీచర్ అని పిలిస్తే, "నేనింక టీచర్ గాలేదు, అక్క అనుండ్రి సాలు" అంది.

మొదటి ప్రశ్నకే ముందు బెంచీల చేతులు లేచాయి.

"దించుండ్రి. మూడుసార్లు మెల్లగ ఊపిరి పీల్చి ఇడిసేదాక ఎవ్వరు చెయ్యి ఎత్తొద్దు."

"అక్కా, ఇది సైన్సా, యోగానా?" అన్నాడు ముందు బెంచీ వాడొకడు. గది గొల్లుమంది.

"రెండు గాదు. నీ ఎనకోనికి గూడ మెదడున్నదని నీకు యాది జేసుడు."

మాకు చిరాకు పుట్టింది. తెలిసిన జవాబు నోట్లో పెట్టుకుని ఊపిరి పీలుస్తూ కూర్చోవడం శిక్షలా ఉండేది. కానీ వారం తిరిగేసరికి మూడో ఊపిరి తర్వాత గోడ బెంచీ నుంచి కూడా చేయి లేచింది. ఆమె మరో రూలు పెట్టింది. జవాబు నోటితో చెప్పొచ్చు, చేసి చూపించొచ్చు, బొమ్మ వేయొచ్చు, రాయొచ్చు, ఏదైనా జవాబే. నత్తి ఉన్నవాడు ఇంకొకరితో కలిసి ఒకేసారి చెబితే తడబడడని ఆమే కనిపెట్టింది. అందుకని అందరం జంటలుగా చెప్పేవాళ్లం, వాడొక్కడే జంటగా చెబితే వాడికి సిగ్గని. చూపు తక్కువున్న పిల్ల కోసం చార్టులో ఏముందో ఆమె ముందు మాటల్లో చెప్పేది, తర్వాతే చార్టు విప్పేది. కూర్చోలేనివాడికి బకెట్ నీళ్లు మోసే పని. నిన్న రానివాళ్లకు నిన్నటి పాఠం రెండు నిమిషాల్లో చెప్పే పని ప్రతిరోజూ ఒక కొత్తవాళ్లది. చెప్పేవాడికే ఎక్కువ అర్థమయ్యేదని తర్వాత గమనించాను.

నా స్నేహితుడి సంగతి ఆమెకు కుండల దగ్గర తెలిసింది. ఇంటి నుంచి వచ్చిన సకినాలు మా ఇద్దరికీ పెట్టింది. వాము వాసన వేస్తున్నాయి. డబ్బా మూత మీద ఏదో కంపెనీ పేరు.

"మంచి డబ్బా. గిదేం కంపెనీదో సూడు" అంది వాడితో.

వాడు డబ్బా తిప్పి తిప్పి చూసి, "పాతదక్కా, అరిగిపోయింది" అన్నాడు. అరగలేదు. నేను తల దించుకున్నాను.

ఆమె డబ్బాకు మూత పెట్టింది. వాడు నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు నాతో అంది: "నువ్వు వానికి కండ్లయినవ్, మంచిదే. మరి పబ్లిక్ పరీక్షల నువ్వు ఏ స్కూల్ల కూసుంటవో, వాడు ఏ స్కూల్ల కూసుంటడో ఎరుకేనా?"

నాకు తెలుసు. సెంటర్లు వేరు పడతాయి. కలిసి పడినా బెంచీకి ఒక్కరే. 

అయినా పరీక్ష దాకా ఏడాది ఉంది. ముందున్నది ఏప్రిల్. పెద్దసార్ పిలిపించే పేర్లలో గోడ బెంచీ నాలుగూ ఉన్నాయని బడిలో అటెండరు మొదలుకొని అందరికీ తెలుసు.

చివరి పాఠానికి మా బళ్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఎగ్జామినర్ వచ్చే రోజు చదువురానివాళ్లను గదిలో ఉంచరు. వార్షికోత్సవం కుర్చీలు తుడవమనో, డాబా మీద మొక్కలకు నీళ్లు పోయమనో పైకి పంపేస్తారు. మిగిలినవాళ్లకు ముందే ఏ ప్రశ్నకు ఎవరు లేవాలో చెప్పి ఉంచుతారు. పాఠం సాఫీగా సాగుతుంది, మార్కులు వస్తాయి, అందరూ సంతోషం. అక్క ఆ మాట వినగానే బకెట్ పట్టుకునే ఆఫీసు గదిలోకి వెళ్లింది. మేము మెట్ల మీద నిలబడ్డాం. తలుపు సగమే వేసి ఉంది.

"ఆ నలుగురు లేకుంటె నా పాఠమే లేదు సార్. పాఠం వాళ్ల కోసమే తయారుచేసిన."

"అమ్మా, మార్కులు నీయి. పరువు నాది" అన్నారు పెద్దసార్. "ఎగ్జామినర్ ముంగట పోరడు నోరు తెరవకపోతె బయట ఏమనుకుంటరు?"

"తెరుస్తరు సార్. మీరు గూడ వచ్చి కూసోండ్రి. వాళ్లు జవాబు చెప్తే, ఏప్రిల్ లిస్టులకెల్లి వాళ్ల పేర్లు తీసెయ్యండ్రి. పదికి పంపుండ్రి."

తాళంచెవులు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"చెప్తె పంపుత" అన్నారు ఆయన. "మాటంటె మాటే. చెప్పకపోతె గూడ మాటంటె మాటే."

మెట్ల మీద నా స్నేహితుడు నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. "చెప్తె సాలన్నడు రా. రాయమనలేదు గదా?"

"అనలేదు" అన్నాను.

పాఠం పేరు తేలియాడే వస్తువులు. కొన్ని రోజులు బడి అయ్యాక ఉండి తయారయ్యాం. ఒకే కొలతకు కోసిన ముక్కలు: కర్ర, థర్మాకోల్, ఇటుక, సబ్బు, మైనం. ముందు అందరూ కళ్లు మూసుకుని ముక్కలను అరచేతిలో తూచాలి. ఆ ఒక్క పనితో కళ్లద్దాల పిల్ల మిగతా అందరితో సమానమైంది. "ఇప్పుడు మీకు గూడ నా లెక్కనే" అని మొదటిసారి గట్టిగా నవ్వింది. తర్వాత ఏది తేలుతుందో, ఏది మునుగుతుందో ముందే పందెం. ఆ తర్వాతే నీళ్లు. మార్కులు వచ్చే తెలివైనవాళ్లం బరువైనవి మునుగుతాయని అన్నాం. అక్క పెద్ద కర్రదుంగ ఒకటి, చిన్న గులకరాయి ఒకటి తెచ్చి వేసింది. దుంగ తేలింది. మేము నోరెళ్లబెట్టాం.

మూడో ఊపిరి అయ్యాక నా స్నేహితుడు మెల్లగా అన్నాడు: "బరువెంత అని గాదక్కా. గంతే జాగల ఎంత ఇరికిచ్చిన్రు అన్నదే లెక్క. మా నాయిన సంచిల ఇసుక నింపితె ఒక బరువు, ఊక నింపితె ఒక బరువు. సంచి అదే గదా."

అక్క సాంద్రత అనే మాటను ఆ రోజు మాకు చెప్పింది. ఆ మాట రాకముందే మాకు దాని అర్థం తెలిసిపోయింది.

ఎగ్జామినర్ వచ్చిన రోజు కరెంటు లేదు. గిర్ని ఆగిపోయింది. ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. బయట అడ్డరోడ్డులో ఆటో స్టార్టు చేసినా పక్కనే చేసినట్టుంది. ఎగ్జామినర్ మేడం నూలు చీరలో, కళ్లద్దాలు గొలుసుకు వేలాడేసుకుని వచ్చింది. మెత్తటి మనిషి. పెద్దసార్ కుర్చీ తెప్పించుకుని సరిగ్గా గోడ బెంచీ పక్కన కూర్చున్నారు. తాళంచెవులు ఒళ్లో.

అక్క బల్ల మీద పైన పద్ధతి ప్రకారం రాసింది. తరగతి: తొమ్మిది. విషయం: భౌతిక శాస్త్రం. పాఠ్యాంశం: తేలియాడే వస్తువులు.

పాఠం నడిచింది. ముక్కలు చేతులు మారాయి. కళ్లద్దాల పిల్ల సబ్బుకు, మైనానికి తేడా పట్టి చెప్పింది. నత్తి ఉన్నవాడు నాతో కలిసి ఆపకుండా రెండు వాక్యాలు చెప్పాడు, రెండో వాక్యం సగంలో నేను కావాలని ఆగిపోయాను, వాడు ఒక్కడే పూర్తి చేశాడు. కూర్చోలేనివాడు నీళ్లు ఒలకకుండా తెచ్చాడు. మేడం రాసుకోవడం ఆపేసి ముందుకు వంగి చూస్తోంది. ఇక నా స్నేహితుడు లేచి ఇసుక, ఊక, సంచి చెప్పాడు. పెద్దసార్ చేతిలో తాళంచెవులు కదలలేదు. ఆయన తల ఊపడం నేను చూశాను. నిజంగా ఊపారు.

గెలిచాం అనుకున్నాను.

"ఎంత బాగా చెప్పావు నాన్నా!" అంది మేడం. ముఖం వెలిగిపోతోంది. "మా పుస్తకాల్లో కూడా ఇంత చక్కగా లేదు. రా, ఇప్పుడు చెప్పిన ఆ మాటే బల్ల మీద రాయి. అందరూ నీది చూసి రాసుకుంటారు."

అక్క సుద్ద వైపు చేయి చాచింది. "మేడం, సారాంశం నేను రాస్త అనుకున్న..."

"వద్దమ్మా, పిల్లవాడే రాయాలి. వాడి వాక్యం వాడికే దక్కాలి."

వాడు నడిచి వెళ్లాడు. సుద్ద తీసుకున్నాడు. ముందు బకెట్ గీశాడు. నీళ్ల గీత, పైన తేలే దుంగ, అడుగున రాయి, దుంగ పక్కనే కొంచెమే పైకి కనిపిస్తూ తేలే మైనం. ఏదీ తప్పు కాదు.

"బొమ్మ చాలా బాగుంది. ఇప్పుడు కింద వాక్యం."

వాడు బల్ల వైపే చూస్తూ నిలబడ్డాడు.  ముందు బెంచీ వాళ్లు కూడా నవ్వలేదు. ఆ తర్వాత వాడు పైకి చూసి, కిందికి వంగి, నెమ్మదిగా, అచ్చులో పోసినట్టు రాశాడు: తేలియాడే వస్తువులు.

"అది పాఠం పేరు కదా నాన్నా. నువ్వు చెప్పిన మాట రాయి."

వాడు మళ్లీ పైకి చూశాడు. మళ్లీ వంగాడు. దాని కిందే రాశాడు: తరగతి: తొమ్మిది. చుక్కలతో సహా.

మేడం కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. అప్పుడామెకు అర్థమైంది. నా పక్కన తాళంచెవులు ఒక్కసారి గలగలమన్నాయి, పెద్దసార్ లేచి నిలబడ్డారు.

"వాడు చెప్తడు మేడం, నేను రాస్త" అంది అక్క.  "పాఠమంత గట్లనే పెట్టిన. చెప్తె గూడ జవాబే."

"అవునమ్మా, జవాబే" అంది మేడం మెల్లగా. "కూర్చో నాన్నా."

మేడం చెడ్డ ఉద్దేశంతో ఏదీ చేయలేదు. ఆఫీసు గదిలో నిమ్మకాయ షర్బత్ తాగుతూ పెద్దసార్‌తో అన్నదేమిటంటే, ఇంత తెలివైన పిల్లవాడికి అక్షరాలు అందలేదు, ఈ ఏడాది వాడి మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టండి అని. అక్కకు తన బ్యాచ్‌లో అందరికన్నా ఎక్కువ మార్కులు వేసి వెళ్లింది. అంతదాకా పెద్దసార్‌కు వాడు వెనకబడ్డ పిల్లవాడు మాత్రమే. చదవడమే రాదని ఆ పాఠం చెప్పింది ఆయనకు.

సాయంత్రం గేటు దగ్గర వాడు అడిగిన మొదటి మాట: "అక్కకు మార్కులు బాగ పడ్డయా?"

"బాగ పడ్డయంట."

"మరింకేంది" అన్నాడు. జామకాయల బండి దగ్గర ఆగకుండా నడిచాడు.

ఏప్రిల్‌లో పెద్దసార్ తన మాట నిలబెట్టుకున్నారు. గోడ బెంచీలో ముగ్గురి పేర్లు ఆ జాబితాలోంచి తీసేశారు, పదికి పంపారు. ఒక్క వాడి అమ్మకు కబురు వెళ్లింది. పని మధ్యలో వచ్చినట్టుంది, పాదాలకు సిమెంటు ఎండిపోయి తెల్లగా ఉంది. నేల మీద కూర్చోబోతే పెద్దసార్ కుర్చీ చూపించారు, నీళ్లు తెప్పించారు. నేను, వాడు గుమ్మం దగ్గర ఉన్నాం. అక్క అప్పటికే లోపల ఉంది. ఆమెకు కబురెవరు చెప్పారో తెలియదు. నేనే చెప్పానని పెద్దసార్ అనుకున్నారు.

"చెప్తె పంపుత అన్నరు గదా సార్" అంది అక్క.

"అన్న. చెప్పిండు గూడ. నీ పాఠం నాకు నచ్చింది, అబద్ధమెందుకు?" అన్నారాయన. కోపంగా లేరు, అలసిపోయి ఉన్నారు. "కాని పబ్లిక్ పరీక్షల ఎవ్వరు వానితోని చెప్పియ్యరమ్మా. కాయితం మీద రాయమంటరు."

"రాసెటోళ్లను పెట్టుకోనిస్తరు సార్, దరఖాస్తు పెడితె. డాక్టర్ సర్టిఫికెట్ తెస్త. రోజు సాయంత్రం వచ్చి అక్షరాలు నేర్పిస్త. ఒక్క రూపాయి అడగ."

"నీకు రేపు పోస్టింగ్ వస్తె పోతవు. పోవాలె గూడ. దరఖాస్తు వాపస్ వస్తె? వాడు తప్పితె? పక్క బడోళ్లు ఇంటింటికి తిరిగి చెప్తరు. ఉన్నోళ్లు గూడ ఎల్లిపోతరు. బడి మూతపడ్డంక ఈ ముగ్గురిని నువ్వెక్కడ చదివిపిస్తవు?"

 ఆ ప్రశ్నకు జవాబు నేను ఇన్నేళ్లుగా వెతుకుతూనే ఉన్నాను.

వాడి అమ్మ అంతసేపూ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. చివరికి అంది: "సారూ, మావోడు తప్పు పనేమన్న చేసిండా?"

"లేదమ్మా. మంచి పిలగాడు."

"మరెందుకు పంపిస్తున్రు?"

పెద్దసార్ టీసీ మీద ముద్ర వేసి రెండు చేతులతో ఇచ్చారు.

ఆ వేసవి అక్క వాణ్ని వదల్లేదు. లైబ్రరీ నుంచి బయటపడి, సాయంత్రం ఆరింటికి కవాడిగూడ వైపు సైటు దగ్గరికి వచ్చేది. నేను ఇంట్లో ట్యూషన్ అని చెప్పి వెళ్లేవాణ్ని. జల్లెడ పట్టిన సన్న ఇసుక నేల మీద పరిచేవాళ్లం. వాడు వేలితో గీసేవాడు. అక్షరాలు నిలబడటం లేదంటే వాటిని చేత్తో పట్టుకోవాలని ఆమె లెక్క. వర్ణమాల వరసలో చెప్పలేదు. ఒకదానికొకటి ఏమాత్రం పోలిక లేనివి ముందు, దగ్గర దగ్గరగా ఉండేవి తర్వాత. ల, ద, ట, న, క, ర, గ, ఇ. ఒక్కో అక్షరానికి మూడు నాలుగు రోజులు. ఒకరోజు వాడు లారీ నుంచి దింపిన గుట్టను చూపించి, ఇసుకలో "కంకర" అని రాశాడు. చూసి రాసింది కాదు, తన తలలోంచి తీసి రాసిన మొదటి మాట అది. మరుసటి రోజు "ఇటుక". అక్క కొంగుతో ముఖం తుడుచుకుని, కంట్లో దుమ్ము పడిందని చెప్పింది.

"ఇసుక మీద రాస్తున్న గాని ఇసుక అని రాయనీకి రాదేందక్కా?" అన్నాడు.

"దాంట్ల స ఉన్నది. అది జర ఆగాలె. దాని చుట్టాలు మస్తుమంది ఉన్నరు, ఒక్కసారే వస్తె నిన్ను పరేషాన్ చేస్తరు."

వానలు మొదలయ్యే ముందు ఒక సాయంత్రం వెళ్తే సైటులో జట్టు పనిముట్లు పెట్టుకునే రేకుల గుడిసె లేదు. పునాది పని అయిపోయిందట. మేస్త్రీ జట్టు మొత్తాన్ని గచ్చిబౌలి దాటి ఎటో, పెద్ద టవర్లు లేస్తున్న చోటికి లారీలో తీసుకెళ్లాడని కాపలా ముసలాయన చెప్పాడు. ఏ టవరో ఆయనకు తెలియదు. బస్తీలో అడిగాం. ఫోను నంబరు ఒకటిచ్చారు, అది పలకలేదు. తర్వాత కొన్ని ఆదివారాలు అక్క, నేను బస్సెక్కి అటు వెళ్లాం. ఎటు చూసినా కడుతున్న భవనాలే. ఒక్కో దాని మీద చీమల్లా మనుషులు. కింద నిలబడి చూస్తే ఎవరి ముఖమూ తెలియదు. అక్క రాయాల్సిన ఉద్యోగ పరీక్షకు నోటిఫికేషన్ పడింది. నాకు పదో తరగతి మొదలైంది. జూన్‌లో హాజరు పిలిచినప్పుడు నంబర్లు జరిగి ఉన్నాయి.

నాకు లెక్కలు పూర్తి చేయడం అలవాటు. వాడికి ఏ అక్షరాలు వచ్చాయో, ఏవి రాలేదో ఇప్పటికీ చెప్పగలను. చూడటానికి ఒకేలా ఉంటాయని అక్క చివరికి ఉంచినవి ఇవి: ప, ఫ, వ, స, ష, ఘ, మ, య. అవి రాకుండానే లారీ ఎక్కాడు. తర్వాత ఎవరైనా నేర్పారో లేదో నాకు తెలియదు. నేర్పకపోతే వాడు కంకర చదవగలడు, ఇటుక చదవగలడు. పాలమూరు చదవలేడు. అమ్మ అని చదవలేడు. కడుతున్న టవర్ల ముందు, లోతుగా తవ్విన గుంతల దగ్గర, రేకు మీద ఎర్ర రంగుతో రాసి పెడతారే, ప్రమాదం అని, అందులో రెండు అక్షరాలు వాడికి రావు.